చిక్కడపల్లిలో మారినవి, మిగలవలసినవి



నగరం మారుతోందని రోజూ అనుకుంటూనే ఉంటాం. హైదరాబాదు అనగానే మన చూపు గచ్చిబౌలి వైపు, కోకాపేట వైపు పోతుంది. ఖాళీ నేల మీద లేచిన కట్టడం ఎవరి కంటికైనా ఆనుతుంది. తరతరాలుగా జనం కాపురముంటున్న పాత పేటలో వచ్చే మార్పు మాత్రం అంత తొందరగా తెలియదు. ఒక దుకాణం షట్టరు దిగుతుంది, మళ్ళీ లేవదు. బస్సు ఆగే చోటు కాస్త అవతలికి జరుగుతుంది. సందు చివరి బడిలో పిల్లలు తగ్గుతారు. ఏడాదో రెండేళ్ళో గడిచేసరికి మనం పొద్దున లేచి నడిచే దారే వేరైపోయి ఉంటుంది. అలాంటి ఒక పేట గురించి, హైదరాబాదు చిక్కడపల్లి గురించి, ఈ పూట నాలుగు మాటలు చెబుతాను.

చిక్కడపల్లి అంటే ఒక్క వీధి కాదు. పైన ముషీరాబాద్, కింద నారాయణగూడ, ఒక పక్క అశోక్‌నగర్, గాంధీనగర్, ఇంకో పక్క బాగ్‌లింగంపల్లి, వీటన్నిటికీ నడుమ ఆర్టీసీ క్రాస్ రోడ్స్. అన్నీ కలిస్తేనే అక్కడివాళ్ళ లెక్కలో 'మా ఏరియా'. ప్రభుత్వోద్యోగులు, బ్యాంకు గుమాస్తాలు, ఆర్టీసీ సిబ్బంది, ఆజామాబాద్ పారిశ్రామికవాడలో పని చేసే కార్మికులు కలిసి నిలబెట్టిన పేట ఇది. త్యాగరాయ గానసభలో సాయంత్రం కచేరీయో నాటకమో ఉంటే ఇంట్లో వంట ముగించుకుని నడిచి వెళ్ళి, నడిచి తిరిగొచ్చేవాళ్ళు. సంధ్య, దేవి, సుదర్శన్ థియేటర్లలో మొదటి ఆటకైనా రెండో ఆటకైనా కాలినడకే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పేట బాగుందా లేదా అన్నది అక్కడి అంతస్తులను బట్టో రోడ్ల వెడల్పును బట్టో తేలదు. అక్కడ ఉండే ముసలివాళ్ళూ, పిల్లలూ, చేతిలో సంచి పట్టుకున్న ఆడవాళ్ళూ తమ పనులు తాము నడిచి చేసుకోగలుగుతున్నారా అన్నదే అసలు కొలత. ఆ కొలతతోనే ఈ పేటలోని రవాణానీ, దుకాణాలనూ, బడులనూ చూద్దాం.

ముందు రవాణా. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కు ఆ పేరు వచ్చింది పక్కనే ఉన్న బస్ భవన్ వల్ల. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే కింద 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైన రోడ్డు రవాణా శాఖ 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. ఇవాళ తెలంగాణ ఆర్టీసీ కేంద్ర కార్యాలయం అక్కడే. బస్సుల పేరు మోసే చౌరస్తా ఇది. అలాంటి చౌరస్తా మీదుగా ఇప్పుడు రవాణా మూడు అంతస్తుల్లో సాగుతోంది.

నేల మీద బస్సులు, ఆటోలు. దాని పైన మెట్రో రైలు. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దాకా 11 కిలోమీటర్ల మార్గం మొదలైంది. దాని మీది తొమ్మిది స్టేషన్లలో ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి వరసగా ఈ పేటవే. నెలన్నర తిరగకముందే కరోనా వచ్చి మార్చిలో రైళ్ళు ఆగిపోయాయి. సెప్టెంబరులో మళ్ళీ కదిలాయి. ఆ మెట్రోకూ పైన, మూడో అంతస్తులో, ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ చౌరస్తా దాకా ఉక్కు వంతెన. 2023 ఆగస్టు 19న ప్రారంభించి, దానికి కార్మిక నాయకుడు నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. సుమారు రెండుంబావు కిలోమీటర్ల పొడవు, నాలుగు వందల యాభై కోట్ల ఖర్చు. రైలు వంతెనను దాటుకుంటూ దాని మీదుగా రోడ్డు వంతెన పోవడం హైదరాబాదులో అదే మొదలు.

వీటివల్ల మేలు జరగలేదని అనను. కరీంనగర్ నుంచో నిజామాబాదు నుంచో జేబీఎస్‌లో దిగిన కుర్రవాడు, నల్లగొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో ఎంజీబీఎస్‌లో దిగిన అమ్మాయి, భుజాన సంచితో నేరుగా మెట్రో ఎక్కి చిక్కడపల్లిలో దిగుతున్నారు. ఆ చివర నుంచి ఈ చివరకు పావుగంట. అదే రోడ్డు మీద బస్సులో అయితే సాయంత్రం వేళ ముప్పావు గంట పట్టేది. వంతెన వచ్చాక అశోక్‌నగర్ దగ్గర, క్రాస్ రోడ్స్ దగ్గర, బాగ్‌లింగంపల్లి దగ్గర సిగ్నళ్ళలో నిలబడే బాధ దూరప్రయాణం వాళ్ళకు తప్పింది.

అయితే దాటిపోయేవాళ్ళకు మిగిలిన ఆ సమయం కింద ఉండేవాళ్ళ వాటాలోంచి కూడా వచ్చింది. మెట్రో స్తంభాల కోసం రోడ్డు నడుమ స్థలం పోయింది, రోడ్డు వెడల్పు కోసం రెండు వైపులా ఇళ్ళ ముందు భాగాలూ దుకాణాల ముంగిళ్ళూ పోయాయి. డివైడర్ మధ్యలో వెనకటి సందులు మూసేశారు. ఎదురుగా ఉన్న మందుల దుకాణానికి వెళ్ళాలంటే పెద్దావిడ ఇవాళ చాలా దూరం నడిచి చౌరస్తా దాకా పోవాలి, లేదా మెట్రో స్టేషన్ మెట్లెక్కి అవతల దిగాలి. లిఫ్టు ఉంది, నిజమే. ఆ లిఫ్టు దాకా వెళ్ళడానికి కాలిబాట కావాలి కదా. కాలిబాట మీద ట్రాన్స్‌ఫార్మరు, హోటలు బోర్డు, నిలబెట్టిన స్కూటర్లు. మూడు అంతస్తుల రవాణా కట్టుకున్నాం. నాలుగో దారి, మనిషి నడిచే దారి, దాని మాట అడిగే నాథుడు లేడు.

బస్సు సంగతి వేరే చెప్పాలి. 2019లో ఆర్టీసీ సమ్మె ముగిశాక నగరంలో బస్సులు తగ్గాయి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, ఆసుపత్రుల్లో ఆయాలు, దుకాణాల్లో అమ్మకం పనిలో ఉన్న అమ్మాయిలు ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకుంటున్నారు. రోజూ ఆటోకు పోసే డబ్బు ఇంట్లో మిగులుతోంది. ఇంతకాలం రెండు స్టాపుల దూరం ఎండలో నడిచి డబ్బు మిగుల్చుకున్న మనుషులు వీళ్ళు. ఈ పేటకు ఈ పదేళ్ళలో జరిగిన రవాణా మేళ్ళలో పేదింటిని నేరుగా తాకినది ఇదేనని నా నమ్మకం. బస్సు ఎక్కేవాళ్ళు పెరిగారు కాబట్టి బస్సులూ పెరగాలి, నీడ ఉన్న బస్ షెల్టరు ప్రతి స్టాపులోనూ ఉండాలి.

ఇక దుకాణాలు. పాత కిరాణా కొట్టు గుర్తుందా? గల్లా పెట్టె పక్కన తక్కెడ, పైన దూలానికి వేలాడే దారపు ఉండ, గోడకు తగిలించిన పాత పేపర్ల కట్ట. పావుకిలో పెసరపప్పు అడిగితే పేపరు మీద పోసి, నాలుగు మూలలూ మడిచి, పైనుంచి దారం లాగి రెండు చుట్లు చుట్టి, పుటుక్కున తెంపి చేతికిచ్చేవారు. మేకుకు తగిలించి పొడుగాటి ఖాతా పుస్తకం ఉండేది. "రాస్కో బిడ్డా, ఒకటో తారీఖున ఇస్తా" అని పెద్దమ్మ అంటే, "రాసిన తియ్ అవ్వా, చక్కెర గూడ కావాల్నా?" అని కొట్టాయన అడిగేవాడు. ఆ ఒక్క మాటతో పూచీకత్తు లేని అప్పు, వడ్డీ లేని అప్పు పుట్టేది. జీతం రాని నెలలో ఆ ఇంటి పొయ్యి వెలిగేది.

ఇప్పుడు అదే కొట్టులో గల్లా పెట్టె మీద క్యూఆర్ కోడ్ స్టిక్కరు, పక్కన చిన్న సౌండ్ బాక్సు. డబ్బు పడగానే ఎన్ని రూపాయలు అందాయో అది తెలుగులో గట్టిగా చెబుతుంది. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయ్యాక మొదలైన అలవాటు కరోనా కాలంలో స్థిరపడింది. చిల్లర గొడవ పోయింది, లెక్క పక్కాగా ఉంటోంది. కొట్టు కుర్రాడికి సుఖమే. ఫోనులో చెల్లించడం తెలియని వృద్ధులకు మాత్రం ఇంకొకరి సాయం కావాలి. ఖాతా పుస్తకం రాను రాను పల్చబడింది.

కొట్టుకు అంతకంటే పెద్ద పోటీ వీధి మలుపులో తయారైంది. ఒకప్పుడు సైకిళ్ళు అద్దెకిచ్చిన చోట, పిండిమర ఆడిన చోట, ఇప్పుడు బయటికి పేరు కూడా సరిగా కనిపించని గోదాము. అందులోంచి పది నిమిషాల్లో సామాను ఇంటికి చేర్చే కుర్రవాళ్ళు బండ్ల మీద పరుగులు పెడుతుంటారు. జబ్బుపడి మంచం దిగలేని మనిషికి అది ఉపకారమే. కాళ్ళూ చేతులూ ఆడుతున్న మనమంతా కొత్తిమీర కట్ట కోసం కూడా ఫోను నొక్కితే, రోజూ బండి తోసుకొచ్చే కూరగాయలమ్మి ఏం తిని బతకాలి? ఆమె బండి వీధిలో ఉన్నంతసేపూ ఆ వీధిలో నాలుగు కళ్ళు ఉంటాయి. బడి నుంచి వచ్చే పిల్లను కనిపెట్టి చూసే కళ్ళవి. ఏ కంపెనీ గోదామూ ఆ పని చెయ్యదు.

అన్నీ తగ్గాయనడం అన్యాయం. ఈ పేటలో కొత్తగా పుట్టుకొచ్చిన వ్యాపారం కూడా ఉంది, దానికి మూలం నగర కేంద్ర గ్రంథాలయం. గ్రూప్ వన్, గ్రూప్ టూ, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే పిల్లలు జిల్లాల నుంచి వచ్చి అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చేరతారు, చిక్కడపల్లి గ్రంథాలయంలో కూర్చుంటారు. లోపల కుర్చీ దొరకకపోతే చెట్టు కింద, గోడ వారన, ఒళ్ళో అట్ట పెట్టుకుని చదువుతారు. వాళ్ళ కోసం హాస్టళ్ళు వచ్చాయి. పాత ఇళ్ళ గదులే మంచాలు వేసి హాస్టళ్ళయ్యాయి. జిరాక్స్ సెంటర్లు, పోటీ పరీక్షల పుస్తకాల దుకాణాలు, టిఫిన్ బండ్లు, కర్రీ పాయింట్లు వచ్చాయి.

కర్రీ పాయింట్ గురించి ఒక్క మాట. గదిలో అన్నం మాత్రం వండుకుని, పప్పూ కూరా చారూ చిన్న చిన్న కవర్లలో కట్టించుకునిపోయే ఏర్పాటు అది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియక ఏళ్ళ తరబడి ఎదురుచూసే బీద పిల్లలకు అది అమ్మ వంటింటి బదులు. ఆ కొట్టు నడిపేది చాలాచోట్ల భార్యాభర్తలే. తెల్లవారుజామున కూరలు తరగడం మొదలుపెడితే రాత్రి దాకా పనే. పెద్ద హోటళ్ళ పేర్లు ఊరంతా తెలుసు. క్రాస్ రోడ్స్ బిర్యానీ కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వేలమంది నిరుద్యోగుల కడుపు నింపుతున్నది మాత్రం పేరు కూడా లేని ఈ చిన్న కొట్లు.

మరి ఈ చిన్నవాళ్ళకు రక్షణ లేదా అంటే, ఉంది. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. సర్వే పూర్తిచేసి, గుర్తింపు ఇచ్చేదాకా ఏ వీధి వ్యాపారినీ తొలగించకూడదని అందులో స్పష్టంగా రాసి ఉంది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం నలభై శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళుండాలి. 2020 జూన్‌లో మొదలైన స్వనిధి పథకం వాళ్ళకు మొదటి విడతగా పదివేల రూపాయల దాకా పూచీకత్తు లేని రుణం ఇచ్చింది. చట్టమూ ఉంది, పథకమూ ఉంది. కొరతల్లా వీధిలో ఎక్కడ బండి పెట్టుకోవచ్చో, ఎక్కడ మనిషి నడవాలో గీత గీసి చూపించే పనే. ఆ గీత ఉంటే బండివాడికీ నడిచేవాడికీ తగాదా ఉండదు.

ఇప్పుడు బడుల దగ్గరికొద్దాం. ఈ చుట్టుపక్కల నేలకు చదువు చరిత్ర చాలా గొప్పది. మెట్రోలో చిక్కడపల్లి నుంచి రెండో స్టేషన్ సుల్తాన్ బజార్. 1901 సెప్టెంబరు 1న పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం గ్రంథాలయం ఉన్నది అక్కడే. మధ్యలో నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారి బాలికల పాఠశాల. పై చదువు ఎక్కువగా ఉర్దూలోనే సాగిన నిజాం రాజ్యంలో, ఆడపిల్లలు తెలుగులో హైస్కూలు చదువు చదవాలని 1928లో మొదలుపెట్టిన బడి అది. ఆ నారాయణగూడలోనే జస్టిస్ కేశవరావు కోరట్కర్ జ్ఞాపకార్థం 1940లో కేశవ్ మెమోరియల్ పాఠశాల వచ్చింది. వ్యాపారం కోసం కాక, పేటలో పిల్లల కోసం పెద్దలు చందాలు పోగుచేసి బడులు పెట్టిన కాలమది. వాటిలో చదివినవాళ్ళు ఇంటి నుంచి నడిచి వచ్చారు, మధ్యాహ్నం ఇంటికెళ్ళి అన్నం తిని మళ్ళీ వచ్చారు.

ఇవాళ పొద్దున ఏడున్నరకు ఏ సందు మొదట్లో నిలబడినా ఒకటే దృశ్యం. ఆటోలో పిల్లలు కిక్కిరిసి ఉంటారు. సంచులు బయట కొక్కేలకు వేలాడుతుంటాయి. చిన్నవాళ్ళు డ్రైవరు పక్కన ఒరిగి కూర్చుంటారు. పసుపు పచ్చ బస్సులు సందులో తిరగలేక వెనక్కి ముందుకీ కదులుతుంటాయి. ఇంటి ఎదుటి బడి కాదని దూరంలోని బడికి పంపడం మర్యాదగా మారింది. పంపలేని తల్లిదండ్రులు పక్కవీధిలో అపార్ట్‌మెంటు లాంటి మేడలో నడిచే బడిలో చేరుస్తున్నారు. అక్కడ ఇంగ్లీషు ఉంటుంది, టై ఉంటుంది, ఆటస్థలం మాత్రం ఉండదు. పిల్లలు డ్రిల్లు కోసం మిద్దె మీదికి పోతారు.

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం, గ్రంథాలయం, తాగునీరు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు ఉండి తీరాలి. దాని నియమాల ప్రకారం అయిదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపు, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. అంటే పసిపిల్ల నడిచి పోగలిగే దూరాన్ని చట్టమే కొలిచి ఇచ్చింది.

ప్రభుత్వ బడులు కూడా మారుతున్నాయి. 2018లో తెలంగాణ శాసనసభ అన్ని బడుల్లో తెలుగు బోధన తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. 2022లో 'మన బస్తీ - మన బడి' కింద మరమ్మతులు మొదలయ్యాయి. ఆ ఏడే ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మాధ్యమం పెట్టి, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఇచ్చారు. 2024లో బడి మరమ్మతుల బాధ్యత అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల చేతికి, అంటే మహిళా సంఘాలకూ తల్లులకూ వచ్చింది. ఇంగ్లీషు కోసమే ప్రైవేటు బడి అన్న కారణం ఇప్పుడు చెల్లదు. బీహారు నుంచి, ఒడిశా నుంచి, మన జిల్లాల నుంచి వచ్చిన కూలీల పిల్లలు సర్కారు బడిలో చేరుతున్నారు. ఆ బడిని వాళ్ళకు వదిలేసి మనం ముఖం తిప్పుకుంటే, నాలుగేళ్ళకు పిల్లలు చాలడం లేదని దాన్ని ఇంకో బడిలో కలిపేస్తారు. అప్పుడు ఆ కూలీ పిల్ల పెద్ద రోడ్డు దాటి దూరం పోవాలి. దాటలేకపోతే మానేస్తుంది.

ఇప్పటిదాకా మూడు సంగతులు విడివిడిగా చెప్పాను. నిజానికి ఇవి ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. కాలిబాట పోతే పిల్లను బడికి నడిపించి తీసుకెళ్ళే తాత ఇంట్లో కూర్చుంటాడు, ఆటో కుదురుతుంది. తాత నడిచినన్నాళ్ళూ తిరుగుదారిలో పాలో పండ్లో కొనేవాడు. ఆయన మానేస్తే కొట్టుకు బేరం తగ్గుతుంది. కొట్టు మూతపడితే వీధిలో చీకటి, చీకటి పడితే ఆడపిల్ల ట్యూషన్‌కు వెళ్ళడానికి కూడా ఒక బండి. ఆ బండ్లన్నీ కలిసి మళ్ళీ ట్రాఫిక్, ఆ ట్రాఫిక్ కోసం ఇంకో వంతెన. వందల కోట్లు పెట్టి మనం వెతుకుతున్న పరిష్కారంలో సగం, ఆరడుగుల కాలిబాటలో ఉంది.

మెట్రో కావాలి, వంతెన వచ్చాక దాన్ని కాదనలేం. కానీ ఇక మీదట ఖర్చుపెట్టే ప్రతి రూపాయిలో మొదటి వాటా పేటలో ఉండేవాళ్ళకు దక్కాలి. స్టేషన్ నుంచి నాలుగు వైపులా అడ్డు లేని కాలిబాట వెయ్యాలి. బడి ఉన్న ప్రతి వీధిలో పొద్దున, సాయంత్రం ఒక గంట బండ్లు ఆపాలి. గ్రంథాలయం దగ్గర టిఫిన్ బండ్లకు నీళ్ళూ, చెత్తబుట్టా, ఒక స్థిరమైన చోటూ ఇవ్వాలి. చదువుకునే పిల్లలకు చెట్టు కింద కూడా బల్లలూ దీపాలూ ఉండాలి. వీటిలో ఏదీ కోట్ల పని కాదు.

ప్రభుత్వం చెయ్యవలసింది ప్రభుత్వం చెయ్యాలి. మనవంతు కూడా ఉంది. శ్రోతల్లో ప్రతి ఒక్కరినీ మూడు పనులు చెయ్యమని కోరుతున్నాను. వారంలో కొన్ని రోజులైనా మీ వీధి కొట్టులో, మీ వీధికి వచ్చే బండి దగ్గర కొనండి. మీ ఇంటికి దగ్గర్లో ఉన్న సర్కారు బడికి ఒకసారి వెళ్ళి రండి, మీ పిల్లలు అక్కడ చదవకపోయినా ఆ బడి మీ పేటదే. మీ కార్పొరేషన్ వార్డు కార్యాలయానికి వెళ్ళి, మీ వీధి కాలిబాట మీద ఏమేం అడ్డం ఉన్నాయో రాసి, పదిమంది సంతకాలతో ఇచ్చి రసీదు తీసుకోండి. మీరు చిక్కడపల్లిలో ఉన్నా, విజయవాడ సత్యనారాయణపురంలో ఉన్నా, వరంగల్ హనుమకొండలో ఉన్నా పని ఇదే.

ఇళ్ళకు ధర పలకడాన్ని అభివృద్ధి అనుకోకండి. మీ వీధిలో పదేళ్ళ పిల్ల ఒంటరిగా నడిచి బడికి వెళ్ళి, దారిలో పెన్సిలు కొనుక్కుని, క్షేమంగా ఇంటికి రాగలిగిన రోజున మీ పేట బాగుపడినట్టు. ఆ రోజు కోసం ఈ వారమే ఒక అర్జీ రాయండి.